పడవ సీరియల్ రెండో భాగం

జనవరి 17, శుక్రవారం

ట్రైలర్ వచ్చింది. నిమిషంన్నర. అందులో సగం నీళ్ళు, సగం ముఖాలు. పడవ సీరియల్ రెండో భాగం వచ్చే నెల ఇరవై ఒకటో తారీకున విడుదలట.

దాని అసలు పేరు వేరే. ఆ భాష మా ఇద్దరికీ రాదు, పేరు పలకబోతే నాలుక మడత పడుతుంది. అందుకని అత్తయ్య దానికి పడవ సీరియల్ అని పేరు పెట్టింది. అందులో మనుషులకీ మేమే పేర్లు పెట్టుకున్నాం. ఎక్కడో చలిదేశంలో ఒక దీవి, ఆ దీవికి ఒక పోస్టాఫీసు, దాన్ని నడిపే ఆవిడ పోస్టమ్మ. దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య పడవ నడిపేది ఆవిడ మొగుడు, టోపీవాడు. మొదటి భాగం చివర టోపీవాడు అవతలి ఒడ్డుకి వెళ్ళి మళ్ళీ రాలేదు, పడవని మాత్రం ఇంకెవరో తెచ్చి కట్టేశారు. అక్కడ ఆపేశారు దుర్మార్గులు. అది చూసేనాటికి మా ఇంటి టోపీవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

అత్తయ్య ట్రైలర్ మళ్ళీ మళ్ళీ వేయించింది. ఆవిడకి కంటి వెనక పొర పాడైంది. చూపుకి నడిమధ్య మచ్చ, చుట్టూ కాస్త వెలుతురు. ఎవరో కదిలినట్టు తెలుస్తుంది గానీ ముఖం కనపడదు. కళ్ళద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా ఉద్యోగం. ఊళ్ళో సగం ముక్కుల మీద నా పనితనమే కూర్చుని ఉంది. ఇంట్లో ఈ ఒక్క మనిషికి పనికొచ్చే అద్దం మాత్రం ఎవరూ చేయలేరు. అందుకని టీవీ ముందు ఆవిడ చెవి పక్కన నేను కూర్చుంటాను. కింద పడే అక్షరాలని మన మాటల్లోకి మార్చి చదువుతాను. మాటలు లేనిచోట ఏం జరుగుతోందో చెబుతాను.

"టోపీవాడు కనిపించాడా?" అంది.

"వీపు కనిపించింది."

"వీపు ఎటుంది?"

"మనవైపు."

"అయితే వెళ్తున్నట్టే," అంది.

ఏదైనా చూడబోయే ముందు చెరో మార్కు వేసుకోవడం మా అలవాటు. అది ముందు మార్కు. చూశాక వేసేది వెనక మార్కు. రెండింటికీ తేడా ఎవరికి తక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టు, వచ్చే శుక్రవారం ఏం చూడాలో వాళ్ళిష్టం. ఉద్యోగమంతా లెక్కల పేపర్లు దిద్దిన చెయ్యి ఆవిడది, అర మార్కు కూడా ఊరికే రాల్చదు. అలాంటిది దీనికి ఎనిమిది వేసింది. నేను నాలుగు వేశాను.

"నాలుగేంటే మరీ?"

"రెండో భాగాలు బాగోవు అత్తయ్యా."

బాగుంటే బాగుంటుంది, లేకపోతే లేదు. నాకది రావడమే ఇష్టం లేదు.

జనవరి 19, ఆదివారం

ఆయన వచ్చాడు. ఇదివరకు ఆయన వచ్చారు అని రాసేదాన్ని. ఇప్పుడు చెయ్యి సగమే మారింది.

ఆదివారాలు తల్లిని చూడడానికి వస్తాడు. కుర్చీ అంచున కూర్చుంటాడు, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు. ఆ కుర్చీకి కాలు ఊగుతుంటే మేకు కొట్టింది ఆయనే.

"అమ్మా, గది సిద్ధంగా ఉంది. లిఫ్ట్ ఉంది, మెట్ల బాధ లేదు. పెద్ద కిటికీ కూడా ఉంది," అన్నాడు.

"నాకు కిటికీ అయితేనేం, గోడ అయితేనేంరా."

"మాట తప్పించకమ్మా. ఎప్పుడొస్తావు?"

వెళ్ళినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాడు. అత్తయ్య ప్రతిసారీ ఏదో ఒక వంక చెప్పి పంపేసేది. మోకాలు, చలి, కంట్లో ఇంజెక్షను. నేను వంటింట్లో గిన్నె తుడుస్తూ ఈసారి వంక ఏమిటా అని చెవి అటే వేశాను.

"పడవ సీరియల్ రెండో భాగం వస్తోంది. అది అయిపోయాక వస్తాను," అంది.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నేను తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచాను. ఇది వంక కాదు, గడువు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాతో గొంతు తగ్గించి, "నీకూ ఇబ్బందే కదా. విడాకుల కాగితాలు వచ్చేశాక కూడా ఆవిడ నీ దగ్గరే ఉంటే జనం ఏమనుకుంటారు?" అన్నాడు.

"జనం నా దగ్గరికి అద్దాల కోసం వస్తారు. ఏదైనా అనుకోవాలంటే వాళ్ళ ఇళ్ళలో కూర్చుని అనుకుంటారు," అన్నాను.

జనవరి 24, శుక్రవారం

కొత్తగా వచ్చిన కామెడీ ఒకటి చూశాం. విడిపోయిన మొగుడూ పెళ్ళాం ఒకే హోటల్లో పొరపాటున ఒకే గదిలో దిగుతారు. తాళంచెవులు మారిపోతాయి, తువ్వాళ్ళు జారిపోతాయి. చివరికి ఇద్దరూ ఈతకొలనులో పడి, నీళ్ళల్లో రాజీపడతారు. ముందు మార్కు నేను అయిదు వేశాను, అత్తయ్య ఆరు. వెనక మార్కు నేను ఒకటి, ఆవిడ రెండు.

"రెండు ఎందుకు అత్తయ్యా?"

"పేరు రాసినందుకు ఒకటి, పేపరు తిరిగి ఇచ్చినందుకు ఒకటి."

ఎంత నవ్వానో. నవ్వుతూ ఉంటే పక్కటెముకలు నొప్పెట్టాయి. ఆ తర్వాత ఆవిడ నిద్రకి లేచి గోడ పట్టుకుని గదిలోకి వెళ్తుంటే, ఈ మనిషి ఈ గోడ పట్టుకుని నడవని ఇల్లు ఎలా ఉంటుందా అనిపించింది. ఆ వరసలో ఇంకేం ఆలోచించలేదు.

జనవరి 30

విడాకుల కాగితాలు వచ్చాయి. రెండుసార్లు చదివాను. అందులో అత్తయ్య ప్రసక్తి ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 4

ఇంజెక్షను రోజు. షాపులో సెలవు పెట్టి తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో కొత్త నర్సు, "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగింది. ఎప్పుడూ కోడల్ని అనే చెప్పేదాన్ని. ఈసారి నోరు తెరిచాక ఆ మాట రాలేదు.

"కూతుర్ని," అన్నాను.

అత్తయ్య పక్కనే ఉంది, కంటికి దూది పెట్టుకుని. బస్సులో సగం దారి వచ్చాక అంది, "కూతురువైతే ఇంత ఓపిగ్గా చదివేదానివా? విసుక్కుని డబ్బింగ్‌ది పెట్టి పోయేదానివి."

"డబ్బింగ్ మీకు పడదుగా."

"పడదు. అందరివీ సబ్బు అమ్మేవాళ్ళ గొంతులే."

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు పట్టుకోవాలి కదా, ముందే పట్టుకుంది, అంతే.

ఫిబ్రవరి 12

వాయిదా! పడవ సీరియల్ విడుదల వచ్చే శీతాకాలానికి వాయిదా పడిందని ఎవరో రాశారు. మధ్యాహ్నం నుంచి షాపులో కూనిరాగాలు తీస్తున్నాను. ఓనరు కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చి చూసి, "ఏంటమ్మా, లాటరీ తగిలిందా?" అన్నాడు. తగిలిందండీ అన్నాను.

అత్తయ్యకి దిగులుగా ముఖం పెట్టి చెప్పాలి. ప్రాక్టీసు చేస్తున్నాను.

ఫిబ్రవరి 13

వాయిదా పడింది ఇది కాదు. ఇంకేదో పోలీసుల సీరియల్.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఆరు ఎపిసోడ్లూ ఒకేసారి పడేశారు. మధ్యాహ్నమే ఫోనులో చూశాను. వరసగా ఆరు గళ్ళు. ఇవాళ మూడు, రేపు మూడు చూస్తే ఆదివారం ఆయన వచ్చేసరికి అయిపోతుంది. ఆయన సంచి తెచ్చుకుంటాడు కూడా.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య తల దువ్వుకుని, శాలువా కప్పుకుని సోఫాలో తన మూల సిద్ధంగా ఉంది, ఏదో ఫంక్షన్‌కి బయల్దేరినట్టు.

"ఎన్ని వచ్చాయే?" అంది, నేను చెప్పులు విప్పకముందే.

"ఒకటే," అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలియదు. అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి ముందుకే పోయాను. "ఈసారి పద్ధతి మార్చారట అత్తయ్యా. వారానికి ఒకటే వదుల్తారట."

"దుర్మార్గులు," అంది. కానీ వెనక్కి వాలి కాళ్ళు చాపుకుంది. "పోనీలే. మనకి మాత్రం తొందరేముంది."

ఎపిసోడ్ బాగుంది. పోస్టమ్మ ముసలిదైపోయింది, ఏడాదికే. టోపీవాడి పేరు మీద వచ్చే ఉత్తరాలు విడిగా ఒక అరలో పెడుతోంది. మాటలు తక్కువ, అందుకని నాకు పని ఎక్కువ. అయిపోగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది, మూల అంకెలు తగ్గుతూ వస్తాయి. అందుకని చివరి పావుగంటా రిమోట్ మీద వేలు పెట్టుకునే చదివాను. సమయానికి నొక్కాను.

వెనక మార్కు ఇద్దరం ఏడు.

ఫిబ్రవరి 22

ఎవరికి నష్టం? ఆరు వారాలు. చలి పోయాక వెళ్తే ఆవిడ మోకాలికీ మంచిది.

మార్చి 7, శుక్రవారం

మూడోది. హత్య పెట్టారు. చూసేవాళ్ళు జారిపోతారని భయం వేసినప్పుడల్లా వీళ్ళు ఒక శవాన్ని తెస్తారు. చేపల వలలో ఎవరిదో చెయ్యి. రాత్రికి రాత్రి దీవికి డిటెక్టివ్ దిగాడు, వాడికో తాగుడు, వాడికో పాత గాయం. ఉత్తరాలు సర్దుకునే ఆవిడ కథలో వీడికేం పని?

"హత్యకి ఒక మార్కు కోత, డిటెక్టివ్‌కి ఒకటి కోత," అంది అత్తయ్య. "ఆవిడ బాధ చాలదనా? మొగుడు పోయిన దుఃఖం ఎవరికీ కనపడదు, శవం అయితే అందరూ చూస్తారు."

నేను నాలుగున్నర వేశాను. రెండోదానికి ఎనిమిది వేసినందుకు సిగ్గేసింది.

మార్చి 9, ఆదివారం

ఆయన రాలేదు. జలుబట. షాపులో ఉండగా ఫోను చేశాడు, ఆదివారం సగంపూట తెరుస్తాం కదా.

"అమ్మ ఇంకా మూడో ఎపిసోడే అయిందంటోంది. అన్నీ ఒకేసారి వచ్చాయి కదా. మేము చూడడం కూడా అయిపోయింది."

మేము. ఆ మాట అద్దం ముక్కలా తగిలింది. ఆయనా, ఆయన వెళ్ళి చేరిన ఆ అమ్మాయీ కలిసి చూశారు. అంటే చివర ఏమవుతుందో ఆయనకి తెలుసు.

"ఆవిడ కళ్ళు అలసిపోతున్నాయి," అన్నాను.

"అమ్మ కళ్ళతో చూడదుగా."

ఓనరు ఇటే చూస్తున్నాడు. నేను మిషన్లో అద్దం పెట్టి నీళ్ళు వదిలాను, చప్పుడుకి మాట వినపడకుండా.

"చూడు, నేనేం అమ్మకి చెప్పను. కానీ నువ్విలా చెయ్యడం బాగాలేదు," అన్నాడు. జాలిగా అన్నాడు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేది. ఆయన జాలి పడే మనిషిని అయ్యాను నేను.

మార్చి 14

నాలుగోది. డిటెక్టివ్ ఇంకా దీవి మీదే ఉన్నాడు. మూడు.

మార్చి 28, శుక్రవారం

ఆరోది. ముందుగా చూసి పెట్టుకోకూడదని ఇన్నాళ్ళూ ఆపుకున్నాను. అత్తయ్యతో మొదటిసారి చూడాలని. అదే నా తప్పయింది.

టోపీవాడు వస్తాడు. తన సామాను తీసుకెళ్ళడానికి. పోస్టమ్మ కాఫీ పోస్తుంది. ఏ దుప్పటి ఎవరిది, దీపం ఎవరు కొన్నారు అని ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటారు. పెట్టె బరువుగా ఉంటే ఆవిడే ఒక పక్క పట్టుకుని పడవ దాకా మోస్తుంది. "గాలి ఎక్కువగా ఉంది, జాగ్రత్త," అంటుంది. పడవ కదిలాక వెనక్కి వచ్చి, పోస్టాఫీసు కిటికీ తెరిచి, వరసలో నిలబడినవాళ్ళకి స్టాంపులు ఇస్తుంది. అంతే.

నేను అలా చదవలేదు. టోపీవాడు పెట్టెతో వచ్చాడని చెప్పాను. పెట్టె లోపలికి మోస్తున్నారని చెప్పాను. కాఫీ తాగుతున్నారని చెప్పాను, అది నిజమే. గాలి సంగతి చదివాను. స్టాంపుల దగ్గర ఆపేశాను.

"తర్వాత?" అంది అత్తయ్య.

"మిగతాది వచ్చేవారం."

"సంగీతం అంతా అయిపోయినట్టు వాయించారేంటే?"

"ఈమధ్య అదో ఫ్యాషన్ అత్తయ్యా."

"ఊఁ," అంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మార్కు అడిగితే వేయనంది, కథ సగంలో పేపరు దిద్దనంది.

ఏప్రిల్ 3

వెతగ్గా వెతగ్గా దొరికింది. అదే దేశం, అదే భాష, అవే స్వెటర్లు. చేపల ఫ్యాక్టరీ గురించి పాత సీరియల్. సముద్రం చప్పుడు కూడా ఉంది. అందులో ఒకావిడ, ఒకతను రోజంతా వాదించుకుంటారు. వాళ్ళ మాటల మీద నా మాటలు పెట్టాలి.

షాపులో మిషన్ ముందు కూర్చుని కథ అల్లుకున్నాను. టోపీవాడు ఎందుకు వెళ్ళాడు, వెళ్ళినచోట ఏమయింది, ఏ మాట అని తిరిగి వచ్చాడు. ఆయన అనాల్సిన మాటలు నాకు నోటికి వచ్చు. ఎన్నాళ్ళుగా రాసిపెట్టుకుని ఉన్నానో. ఒక అద్దం పక్కకి అరిగిపోయింది. ఓనరు దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టాడు. "ఇంటికెళ్ళి పడుకోమ్మా," అన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఏడోది. గండం గడిచింది. ఆవిడ కదలకుండా విన్నది. డిటెక్టివ్‌ని మొదటి అయిదు నిమిషాల్లోనే పడవెక్కించి పంపేశాను. అత్తయ్య చప్పట్లు కొట్టింది.

వెనక మార్కు ఆరున్నర. అసలు కథలో డిటెక్టివ్ దిగాక వేసిన వాటన్నిటికన్నా ఎక్కువ. మంచం మీద పడుకుని నవ్వుకున్నాను. ఇలా ఎన్నయినా చెప్పగలను. చేపల ఫ్యాక్టరీ నాలుగు సీజన్లు ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఎనిమిదోది. టోపీవాడు తప్పు ఒప్పుకున్నాడు. పోస్టమ్మ చేతులు పట్టుకున్నాడు. నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదు అన్నాడు. టీవీలో అసలు వాళ్ళు చేపల డబ్బాల మీద మూతల గురించి మాట్లాడుకుంటున్నారేమో, ఎవరికి పట్టింది. నేను చదువుతూ ఏడ్చాను. కథకే ఏడ్చాననుకుంటుంది, పర్లేదు.

అత్తయ్య చాలాసేపు మార్కు వేయలేదు. తర్వాత, "మూడు," అంది.

"మూడేనా?"

"మాటలు బాగున్నాయి. కానీ వాడు రావడం కుదర్లేదే. వాడలాంటి మాటలు అనే మనిషి కాదు."

ఏప్రిల్ 18, శుక్రవారం

తొమ్మిదోది పెట్టబోయాను.

"టీవీ వద్దులే," అంది అత్తయ్య. "నువ్వు ఊరికే చెప్పు. ఆ చేపలవాళ్ళ గొంతులు అడ్డమొస్తున్నాయి."

రిమోట్ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

"పోస్టమ్మది కాస్త జీర గొంతు. మొదటి భాగం నుంచీ చెవిలో ఉంది. అది మారితే నాకు తెలియదా? నాకు పోయింది కళ్ళేనే."

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే అయిపోతుందిగా," అంది. "నాకు మాత్రం వెళ్ళాలని ఉందా? మొదటి రోజు వారానికొకటి అన్నావే, అప్పుడు కూడా అనుమానం వచ్చింది. వస్తే రానీ అని ఊరుకున్నాను. కూర్చో."

కూర్చున్నాను.

"అసలు ఏమైందో చెప్పు."

చెప్పాను. కాఫీ, దుప్పటి, దీపం, పెట్టె, గాలి, స్టాంపులు. ఒక్కటీ మార్చలేదు. ఆవిడ తల ఊపుతూ విన్నది.

"తొమ్మిది," అంది. "డిటెక్టివ్ లేకపోతే తొమ్మిదిన్నర."

తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "వాడు చేసింది తప్పు. వాడు నా కొడుకు. రెండూ అబద్ధం కావు. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ వాడు ఆదివారాలు వస్తాడు. వాడు వచ్చినన్నాళ్ళూ నువ్వు గుమ్మం వైపు చూస్తావు. నన్ను ఉంచుకుంటున్నావనుకుంటున్నావు గానీ, నువ్వు ఉంచుకుంటున్నది వాణ్ణి."

"అది నిజం కాదు అత్తయ్యా."

"నిజం కాకపోతే ఆ కథ ఎందుకు అల్లావు?"

జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నిజం కాదు. కొంత నిజం. కానీ అంతా కాదు.

ఏప్రిల్ 27, ఆదివారం

తీసుకెళ్ళాడు.

నేనే బట్టలు సర్దాను. చుక్కల మందు పై అరలో, స్వెటర్లు అడుగున, చేత్తో తడిమితే తెలిసేలా. గుమ్మం దగ్గర ఆవిడ నా ముఖం అంతా తడిమింది. బుగ్గలు, కళ్ళ కింద. "ఏడుస్తున్నావేమోనని చూశాను," అంది. ఏడవలేదు. ఏడవకూడదని పొద్దున్నే గట్టిగా అనుకుని ఉన్నాను.

"నేను నిన్ను ఇకమీదట ఏమని పిలవాలే?" అని అడిగింది మెట్ల మీద.

"అమ్మాయ్ అనే పిలవండి. ఎప్పుడూ అదేగా."

ఆయన కిందనుంచి, "అమ్మా, టాక్సీ ఆగి ఉంది," అన్నాడు.

మే 2, శుక్రవారం

కొత్తది ఒకటి వచ్చింది. పావుగంట చూసి కట్టేశాను.

మే 4, ఆదివారం

ఆయన రాలేదు. ఎందుకు వస్తాడు? రోజంతా ఇంట్లోనే ఉన్నాను, గుమ్మం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సోఫా మూల వైపు చూశాను. గోడ మీద ఆవిడ చెయ్యి ఆనిన చోట్ల రంగు మాసి ఉంది, దాన్ని చూశాను. అత్తయ్య లెక్క తప్పింది. ఫోను చేసి ఆ మాట చెబుదామని తీసి, మళ్ళీ పెట్టేశాను. చెప్తే ఆవిడకి అక్కడ అన్నం సహించదు.

మే 9, శుక్రవారం

సాయంత్రం షాపు మూసే వేళకి తెలియని నంబరు నుంచి ఫోను.

"నేనండీ," అంది. ఆ నేను ఎవరో గొంతులో భయాన్ని బట్టి తెలిసిపోయింది. ఆ అమ్మాయి. ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తుంది. ఒకసారి బస్‌స్టాపులో చూశాను, అప్పుడు గొడుగు అడ్డం పెట్టుకుంది.

"నంబరు ఆయన ఇవ్వలేదండీ. అత్తయ్యగారే ఇచ్చారు, నోటికి చెప్పారు."

అత్తయ్యగారు. నా నోట్లో ఉన్న మాట తీసి నమిలినట్టు అనిపించింది.

"ఏం కావాలి?" అన్నాను.

"కోపం తెచ్చుకోకండి. వచ్చిన రోజు నుంచీ ఆవిడకి కొత్తవి పెట్టి చదువుతున్నానండీ. అక్షరం వదలకుండా చదువుతున్నాను. అయినా పది నిమిషాల్లో తల వాల్చేస్తున్నారు. ఇవాళ అడిగేశాను, నేను చదివేది బాగోలేదా అని. బాగానే చదువుతున్నావు తల్లీ, నాకే కనపడట్లేదు అన్నారు. ఇన్నాళ్ళూ కనపడనిది ఇవాళ కొత్తగా కనపడకపోవడమేంటో నాకు అర్థం కాలేదు. మీరెలా చదివేవారో చెబుతారా?"

ఓనరు షట్టరు సగం దించి, నన్ను చూసి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

చెప్పను అనుకున్నాను మొదట. మొగుణ్ణి తీసుకున్నావు, అత్తగారిని తీసుకున్నావు, ఇది కూడా కావాలా అని నోటి దాకా వచ్చింది. చెప్పకపోతే ఏమవుతుంది? ఆవిడ కొన్నాళ్ళు నిద్రపోతుంది. తర్వాత విసుగొచ్చి ఒకరోజు, నన్ను నా కోడలి దగ్గర దింపిరారా అంటుంది. అనకపోదు. ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళయినా ఆగగలను.

కానీ అప్పటిదాకా ఆవిడ ఆ సోఫాలో, ఏ సోఫానో నేను చూడలేదు, చీకట్లో కూర్చుని ఉంటుంది.

"చదవద్దు," అన్నాను. "చూసి చెప్పు. ఎవరైనా గదిలోకి వస్తే ముందు ఎవరు వచ్చారో చెప్పు, తర్వాత వాళ్ళ మాట చెప్పు. నువ్వు ఎదురుగా కూర్చోకు, కుడి చెవి పక్కన కూర్చో, ఎడమ చెవి మందం. మాటలు లేనప్పుడు నువ్వు ఊరుకోకు, అప్పుడే ఆవిడకి భయం వేస్తుంది. వాన పడుతోందా, దీపం వెలుగుతోందా, వాళ్ళ చేతులు ఎక్కడున్నాయి, అవి చెప్పు. అన్నిటికన్నా ఆవిడకి చేతులు కావాలి. పేర్లు పలకలేకపోతే మీ ఇద్దరూ కలిసి ముద్దుపేర్లు పెట్టుకోండి. చూసేముందు మార్కు వేయమను, అయ్యాక వేయమను. ఆవిడ తక్కువ వేస్తే నువ్వు ఎక్కువ వెయ్యి, వాదించు. వాదిస్తే నిద్రపోదు."

అటువైపు పెన్ను గీసుకుంటున్న చప్పుడు.

"నచ్చనిచోట కథ మార్చకు," అన్నాను. "ఆవిడకి తెలిసిపోతుంది."

"సరేనండీ," అంది. "థాంక్స్ అక్కా," అంది.

కుడి చెవి అని మళ్ళీ ఒకసారి చెప్పి పెట్టేశాను.

తర్వాత మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన వెళ్ళినప్పుడు ఇలా ఏడవలేదు, కాగితాలు వచ్చినప్పుడూ ఏడవలేదు. ఓనరు బయటే నిలబడ్డాడు, నేను లేచేదాకా లోపలికి రాలేదు.

ఆ అమ్మాయి శ్రద్ధగలది, నేర్చుకుంటుంది. రెండు మూడు శుక్రవారాల్లో అత్తయ్యకి అక్కడ అంతా కనపడుతుంది. ఇక నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.